ఊరికే వచ్చిన మనిషి

దేవసహాయం చెట్టెక్కుతుంటే చూడ్డానికి కొమరలంకలో జనం పనులు ఆపి నిలబడేవారు. కాళ్ళకి ఒక తాటినార బందం, నడుముకి కత్తి. అంతకు మించి ఇంకేం ఉండేది కాదు. చూసేవాళ్ళు తలెత్తేలోపు చెట్టు తలమీది మొవ్వులో కూర్చుని, ‘తప్పుకోండీ!’ అని కేకేసేవాడు. ఆ వెంటనే గెలలు దబదబా రాలేవి.

మామిడికుదురుకి అవతల, వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న చిన్న ఊరు కొమరలంక. ఊళ్ళో కొబ్బరితోటలన్నిటికీ దింపు తీసేది దేవసహాయమే. బాపిరాజుగారి తోట ఒక్కటే మూడు వందల చెట్లు. ఆయన తోటలో దింపంటే వారం రోజుల పని. మగడు పైనుంచి కాయలు దింపుతుంటే, పెళ్ళాం దానమ్మ కింద గంపలకెత్తేది. ఇద్దరికీ ఒక కూతురు. దాన్ని అంతర్వేది దగ్గర ఒక పడవవాళ్ళ ఇంట్లో ఇచ్చారు. ఇంక వాళ్ళకి బాదరబందీలంటూ ఏమీ లేవు.

దేవసహాయం ప్రతి చెట్టు మొదట్లోనూ ఒక్క క్షణం ఆగి, ‘నాయనా, చెయ్యి జారనివ్వకు’ అనుకునేవాడు. రోజుకి నలభై చెట్లు ఎక్కితే నలభై సార్లూ అదే మాట. అలా ఇరవై ఏళ్ళు. ఆదివారం పేటలో తాటాకుల మందిరంలో ముందు వరసలో కూర్చుని గొంతెత్తి పాడేవాడు. తన కూలికి వచ్చిన కాయల్లో రెండు మంచివి ఏరి కానుకల బుట్టలో పెట్టేవాడు. తను చెయ్యవలసింది తను చేస్తున్నాడు, దేవుడు చూడవలసింది దేవుడు చూస్తున్నాడు. అంతకు మించి ఆలోచించవలసిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

పంతొమ్మిది వందల యాభై రెండు ఎండాకాలంలో, బాపిరాజుగారి తోటలోనే, చెట్టు మీంచి పడిపోయాడు.

చెయ్యి జారలేదు. తర్వాత చాలాకాలం అతన్ని తొలిచేసింది ఆ సంగతే. పట్టుకున్న మట్ట మొదట్లో పుచ్చిపోయి ఉంది. మట్టని గట్టిగా పట్టుకునే, దానితోపాటు కిందికి వచ్చేశాడు.

దానమ్మ గంప వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ‘‘మావా! మావా, లే!’’

‘‘లేస్తున్నానే,’’ అన్నాడు దేవసహాయం. అన్నాడే గాని లేవలేదు. కాళ్ళు ఎదురుగానే కనబడుతున్నాయి. రెండూ ఎవరో తెచ్చి పక్కన పడేసిన వస్తువుల్లా ఉన్నాయి.

మంచం మీద వేసి రేవు దాటించి అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నడుములో ఎముక విరిగింది. మూడు నెలలు అక్కడే ఉంచారు. గాయాలు మానాయి, జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది. కాళ్ళు మాత్రం రాలేదు. ప్రాణం దక్కింది, అంతవరకు సంతోషించమని డాక్టరుగారు చెప్పి పంపించారు.

ఇంటికి వచ్చాక ఆ సంతోషం ఎలా ఉంటుందో దేవసహాయానికి అంతు చిక్కలేదు. తాటాకింట్లో మంచం మీద పడుకుని కప్పు వాసాలు లెక్కపెట్టడం తప్ప పని లేదు. వీపున పుండ్లు పడకుండా దానమ్మ పగలూ రాత్రీ అతన్ని పక్కకి తిప్పుతూ ఉండాలి. కడగడం, తుడవడం, గుడ్డలు ఉతకడం అన్నీ ఆవిడే. ఒంటిచేత్తో యాభై అడుగుల చెట్టు మీద వేలాడిన మనిషి, పక్కకి ఒత్తిగిలడానికి పెళ్ళాన్ని కేకెయ్యవలసి వచ్చేది. కేకెయ్యడానికి నామోషీ పడి ఒక్కోసారి గంటసేపు పళ్ళు బిగబట్టుకుని ఉండేవాడు. దానమ్మకి అది తెలిసిపోయి తిట్టేది.

పేటంతా వచ్చి ప్రార్థన చేశారు. ఏడు శుక్రవారాలు ఉపవాసాలున్నారు. దేవసహాయం కూడా చేశాడు. కాళ్ళిస్తే ప్రతి దింపులోనూ తన కూలి కాయల్లో సగం మందిరానికి ఇస్తానన్నాడు. నెల తర్వాత ముప్పాతిక అన్నాడు. ఆ తర్వాత అన్నీ నీకే అన్నాడు. ఎంత పెంచినా అవతలి నుంచి మాట లేదు.

దానమ్మ తమ్ముడు కృపారావు రాజోలులో బడి పంతులు. బావ అంటే ప్రాణం. సంక్రాంతి వెళ్ళిన కొత్తలో ఒకరోజు రొప్పుకుంటూ వచ్చాడు.

‘‘బావా, మా ఊళ్ళో పెద్ద సభలు పెడుతున్నారు. ఎక్కణ్ణుంచో ఒక బోధకుడుగారు వస్తున్నారు. ఆయన చెయ్యి వేస్తే మంచాన పడ్డవాళ్ళు లేచి నడిచేరంట. పడవ మాటాడేను. నువ్వు రావాలి.’’

దేవసహాయం తల పైకెత్తాడు. ‘‘నిజంగా నడిచేరంటావా?’’

‘‘చూసినోళ్ళు చెప్పేరు బావా.’’

కాలవ మీద పడవలో రాజోలు వెళ్ళారు. కొబ్బరాకుల పందిరి కింద ఇసకవేస్తే రాలనంత జనం. మధ్యాహ్నం ఎండలో బోధకుడుగారు ఒక్కొక్కరి దగ్గరికే వచ్చి తలమీద చెయ్యి వేస్తున్నారు. దేవసహాయం దగ్గరికి వచ్చి, కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశారు. ఆయన చెయ్యి వేడిగా ఉంది. ఆ వేడికి దేవసహాయం కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

‘‘లేపండి,’’ అన్నారాయన.

కృపారావు ఒక రెక్క, ఇంకొకాయన ఒక రెక్క పట్టుకుని లేపారు. చుట్టూ ‘స్తోత్రం, స్తోత్రం’ అని అరుపులు. దేవసహాయం తన ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని కుడికాలికి చెప్పాడు. అది కదల్లేదు. ఎడంకాలికి చెప్పాడు. రెండు కాళ్ళూ నేల మీద ఈడ్చుకుపోయాయి. పట్టుకున్నవాళ్ళు ఆపలేక, అందరి ముందూ బోర్లా పడ్డాడు.

బోధకుడుగారు వంగి, చెవి దగ్గర మెల్లగా, ‘‘విశ్వాసం చాల్లేదు తమ్ముడూ. ఇంకా అడుగు,’’ అని పక్క మనిషి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన కోపంగా అనలేదు. ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు, అంతే.

తిరుగు పడవలో కృపారావు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. ‘‘నేను తీసుకురాకుండా ఉండాల్సింది బావా. నలుగురిలో నిన్ను...’’

‘‘నీ తప్పేముంది, ఊరుకో,’’ అన్నాడు దేవసహాయం. దానమ్మ మూట విప్పి చద్దన్నం, మాగాయ ముక్క పెట్టింది. ఎప్పుడూ అన్నం ముందు కళ్ళు మూసుకునే మనిషి, ఆ పూట మూసుకోకుండానే ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దానమ్మ అది చూసింది.

వారం గడిచాక అడిగింది. ‘‘ప్రార్థన చెయ్యవేం మావా?’’

‘‘నువ్వు చెయ్యి. నాకూ ఆయనకీ మాటల్లేవు.’’

‘‘దేవుడి మీద అలుగుతారేంటి ఎవరైనా?’’

‘‘ఇరవై ఏళ్ళు అడిగింది ఒకటే ఒకటి. అదీ చెయ్యలేదు. నేనింక ఆయన్ని ఏం అడగనూ, ఆయన నాకేం ఇయ్యనూ వద్దు. గొడవొదిలిపోద్ది,’’ అని గోడవైపు మొహం తిప్పుకున్నాడు.

కూడు గడవడానికి దానమ్మ కొబ్బరిపీచు తాళ్ళు పేనడం మొదలుపెట్టింది. నానబెట్టిన డొక్కలు బాది, పీచు తీసి, ఎండబెట్టి, రాట్నం మీద పురి ఎక్కించాలి. పాపం ఆవిడకి అలవాటు లేని పని. జానెడు పేనితే మూరెడు తెగిపోయేది. ఒకరోజు పంచలో కూర్చుని తెగిన పోగు మళ్ళీ మళ్ళీ ముడేస్తుంటే, లోపల మంచం మీంచి దేవసహాయం అన్నాడు:

‘‘పురెక్కువైపోతోందే. పీచు తక్కువ పట్టుకుని గట్టిగా తిప్పుతున్నావు.’’

‘‘అంత తెలిసినోడివి నువ్వే పేను,’’ అంది దానమ్మ విసుగ్గా. అనేసి, ఒక క్షణం ఆగి, మంచాన్ని పంచలోకి లాక్కొచ్చింది. వీపు వెనక గోనెమూటలు దన్నుపెట్టి కూర్చోబెట్టి, పీచు అతని ఒళ్ళో పోసింది.

అతని చేతులు ఎక్కడికీ పోలేదు. బందాలు కట్టుకుని, తాళ్ళ మీద ప్రాణం పెట్టుకుని బతికిన మనిషికి ఏ పోగు ఎంత బరువు ఆపుతుందో వేళ్ళకే తెలుసు. దానమ్మ రాట్నం తిప్పుతుంటే అతను పీచు అందించేవాడు. నెల తిరిగేసరికి రేవులో పడవలవాళ్ళు ‘దేవసహాయం తాడు’ అని అడిగి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. అన్నానికి లోటు లేకుండా పోయింది. దేవుడితో మాత్రం మాటల్లేవు.

అప్పుడే ఇశ్రాయేలు తాత రావడం మొదలుపెట్టాడు.

తాత పేటలో చివరింటి మనిషి. ఒంటరివాడు. వయసులో ఉన్నప్పుడు కాలవగట్టు మీద నడుస్తూ పడవలకి తాడు లాగేవాడు. ఆ తాడు ఒరుసుకున్న గుర్తు ఎడం భుజం మీద ఇంకా నల్లగా ఉంది. సంఘంలో పెద్ద కాదు, పాటగాడు కాదు. ఆదివారం వెనక గోడకి చేరబడి కూర్చునేవాడు. రోజూ మధ్యాహ్నం ఎండ వాలుతుంటే వచ్చి, పంచలో స్తంభానికి ఆనుకుని, చుట్ట వెలిగించుకునేవాడు. ‘‘బాగున్నావా?’’ అనేవాడు. అంతే. చుట్ట అయిపోయాక లేచి, ‘‘వస్తానురా,’’ అని వెళ్ళిపోయేవాడు.

నెల్లాళ్ళు చూసి చూసి ఒకరోజు దేవసహాయం ఉండబట్టలేక అడిగేశాడు.

‘‘తాతా, నీకు తాడు కావాలా? కావాలంటే చెప్పు, మంచిది పేనిస్తాను.’’

‘‘నాకెందుకురా తాడు? పడవ మానేసి ఆరేళ్ళయింది.’’

‘‘మరి నాకోసం ప్రార్థన చేద్దామని వస్తున్నావా? చేసేసి వెళ్ళు. నేనేమీ అనుకోను.’’

‘‘నాకు పైకి ప్రార్థన చెయ్యడం రాదురా అబ్బాయ్. నోరు తడబడిపోద్ది.’’

‘‘మరి దేనికొస్తున్నావు?’’

తాత నోట్లో చుట్ట తీసి అతని మొహంలోకి చూశాడు. ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో ముసలాయనకి అర్థం కాలేదు.

‘‘దేనికేంటిరా? ఊరికే. నువ్వున్నావు కదా అని.’’

చుట్ట అయిపోయాక ఎప్పటిలాగే లేచి వెళ్ళిపోయాడు. దేవసహాయం చేతిలో పీచు చేతిలోనే ఉండిపోయింది. దానమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది.

చెట్టు మీంచి పడ్డ తర్వాత ఆ పంచలోకి వచ్చినవాళ్ళందరూ గుర్తొచ్చారు. జాలిపడి వచ్చినవాళ్ళున్నారు, చూసిపోదామని వచ్చినవాళ్ళున్నారు, బోధ చెయ్యడానికి వచ్చినవాళ్ళున్నారు, తాళ్ళ కోసం వచ్చినవాళ్ళున్నారు. అందరూ మంచివాళ్ళే. కాని ఈ ముసలాయన వచ్చి కూర్చుంటే మనసుకి ఉండే నెమ్మది వాళ్ళెవరు వచ్చినా లేదు. నెల్లాళ్ళుగా ఎండ వాలే వేళకి తన కళ్ళు వీధివైపు పోతున్నాయని అప్పుడు గమనించాడు.

ఆ తర్వాత వచ్చిన ఆలోచనకి అతనికే సిగ్గేసింది. ఇరవై ఏళ్ళు, రోజుకి నలభై సార్లు తను దేవుడి గుమ్మం తొక్కాడు. ఒక్కసారైనా ఊరికే వెళ్ళాడా? వెళ్ళడం, అడగడం, చెట్టెక్కెయ్యడం. ఆయన ఎలా ఉన్నాడో, ఎలాంటివాడో ఎప్పుడైనా చూశాడా? ఇప్పుడు అడిగింది ఇవ్వలేదని వెళ్ళడమే మానేశాడు. అంటే ఆయన కోసం తను ఎప్పుడూ వెళ్ళనేలేదు. చెట్ల కోసం వెళ్ళాడు.

మూడు నాలుగు నెలల తర్వాత మాట్లాడాలంటే మొదట నోరు పెగల్లేదు. చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, మెల్లగా అన్నాడు: ‘‘నాయనా, నేనే. పనేం లేదు.’’

ఆ వెంటనే అలవాటుకొద్దీ ‘కాళ్ళు’ అనే మాట నాలిక చివరికి వచ్చేసింది. దాన్ని మింగేసి, తనలో తనే నవ్వుకున్నాడు. తర్వాత ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇశ్రాయేలు తాత ఏం మాట్లాడుతున్నాడు గనక అనుకుని, ఊరుకున్నాడు.

ఏమీ జరగలేదు. వెలుగూ కనబడలేదు, స్వరమూ వినబడలేదు. కొబ్బరాకులు గాలికి గలగలమంటున్నాయి. పెరట్లో దానమ్మ బండ మీద గుడ్డ బాదుతున్న చప్పుడు. కాని పంచలో తను ఒంటరిగా లేడు. ఆ సంగతి తన చెయ్యి తనకి తెలిసినంత మామూలుగా తెలిసింది. కళ్ళు తడిశాయి గాని అది ఏడుపు కాదు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

మర్నాడు తెల్లారగట్ల మళ్ళీ కూర్చున్నాడు. ఆ మర్నాడూ కూర్చున్నాడు. కొన్నాళ్ళకి, నిద్ర లేస్తూనే ఎవరో తన కోసం కాచుకుని ఉన్నట్టు సంబరంగా ఉండేది.

ఒకపూట దానమ్మ అన్నం ముందు ప్రార్థన చేస్తే, చివర్న దేవసహాయం ‘‘ఆమెన్’’ అన్నాడు. దానమ్మ గబుక్కున కళ్ళు తెరిచింది.

‘‘మాటలు కలిసేయా?’’

‘‘కలిసేయి.’’

‘‘ముందెవరు మాటాడేరు?’’

‘‘నేనే. ఆయన ఎక్కడికీ పోలేదే. ఇక్కడే కూచుని ఉన్నాడు. నేనే అటు తిరిగి పడుకున్నాను.’’

దానమ్మ కంచంలో కూర వేస్తూ, ‘‘మరి కాళ్ళ సంగతి అడిగేవా?’’ అంది.

‘‘ఇవ్వాళ అడగలేదు.’’

‘‘అదేంటి మావా, అడక్కపోతే ఎలాగ?’’

‘‘నువ్వు అడుగుతున్నావు కదా. నన్ను కాసేపు ఆయన దగ్గర కూచోనియ్యి.’’

దానమ్మకి అది అంత నచ్చలేదు. ఆవిడ అడగడం మానలేదు. మానమని అతనూ అనలేదు. కాని మంచం మీది మనిషి మొహం తేటపడిందని ఆవిడ చూస్తూనే ఉంది. ఒత్తిగిలడానికి ఇప్పుడు నామోషీ పడకుండా కేకేస్తున్నాడు.

ఆ శ్రావణంలో గోదావరి వచ్చింది. యాభై మూడు వరదంటే ఆ తరంవాళ్ళు ఇప్పటికీ గుండెల మీద చెయ్యి వేసుకుంటారు. మూడు రోజులు ఏరు గట్టు అంచున ఎర్రగా ఉబికింది. నాలుగోనాడు పొద్దున్న ఊరికి ఎగువన గండి పడింది. దానమ్మ, ఇశ్రాయేలు తాత, ఇంకో ఇద్దరు కలిసి దేవసహాయాన్ని మంచంతో సహా ఏటిగట్టు మీదికి చేర్చారు. దానమ్మ మళ్ళీ నీళ్ళలోకి దిగబోతే, ‘‘ఎక్కడికే?’’ అని అరిచాడు.

‘‘తాళ్ళు! రేవుకి ఇవ్వాల్సిన తాళ్ళు ఇంట్లో ఉన్నాయి!’’

చంకలదాకా నీళ్ళలో నడిచి ఆరు చుట్టల తాడు తెచ్చింది. ఆవిడ గట్టెక్కిన కాసేపటికి వాళ్ళ ఇల్లు కప్పుతో సహా తేలి, నెమ్మదిగా తిరిగి, తోటల్లోకి వెళ్ళిపోయింది.

ఊళ్ళో బాపిరాజుగారి ఇల్లు ఒక్కటే మేడ. ఆయనా, ఇంట్లోవాళ్ళూ, పాలేళ్ళ కుటుంబాలూ కలిసి ఇరవైమంది దాకా దాని పైకప్పు మీద చిక్కుకుపోయారు. గట్టుకీ మేడకీ మధ్యనున్న ఆయన కొబ్బరితోటలోంచి నీళ్ళు సుడులు తిరుగుతూ తోసుకుపోతున్నాయి. గట్టు మీద ఒక నాటుపడవ ఉంది గాని, ఆ ప్రవాహంలో దాన్ని వదిలితే సముద్రంలో తేలుతుంది.

దేవసహాయం మంచం మీంచి చూస్తున్నాడు. ఆ తోటలో ప్రతి చెట్టూ అతను ఎక్కినదే.

‘‘తాతా, తాడుకి తాడు ముడేసి, ఇక్కణ్ణించి మేడదాకా లాగితే? పడవని ఆ తాడు పట్టుకుని నడిపించొచ్చు కదా?’’

ఇశ్రాయేలు తాత తాడు చుట్ట చేత్తో పట్టుకుని, పురి విప్పి చూసి, మళ్ళీ వదిలాడు. ‘‘ఆపుద్దా?’’

‘‘నేను పేనిందే. ఆపుద్ది.’’

ముడులు తాత వేశాడు. ఈతగాళ్ళు ఇద్దరు చెట్టు నుంచి చెట్టుకి పట్టుకుంటూ తాడు కొస మేడకి చేర్చారు. ఏ చెట్టుకి చుట్టాలో, ఏది వేరుపురుగు పట్టిన చెట్టో దేవసహాయం గట్టు మీంచి కేకలేసి చెప్పాడు. ‘‘అది వద్దు, దాని పక్కది! రెండో వరస, వంకరది!’’ సాయంత్రానికి నాలుగు విడతలుగా అందరినీ గట్టుకి చేర్చారు. చివరి విడతలో బాపిరాజుగారి తల్లి అప్పాయమ్మగారు వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి. పడవ దిగి, తాడుని తడిమి చూసి, ‘‘ఎవరు పేనేరు నాయనా?’’ అని అడిగింది.

తొమ్మిది రోజులు గట్టు మీదే ఉన్నారు. ఒక కొసన ఊరివాళ్ళు, ఒక కొసన పేటవాళ్ళు. కొట్టుకొచ్చిన కొబ్బరికాయలే అందరికీ అన్నమూ నీళ్ళూ అయ్యాయి. నాలుగోనాటికి పసిపిల్లల తల్లులకి పాలు ఇంకిపోయాయి. దేవసహాయం ఆ రోజుల్లో అడిగాడు. నోరారా అడిగాడు. పాలు ఇమ్మన్నాడు, వాన ఆపమన్నాడు, నీళ్ళు తియ్యమన్నాడు. అడక్కూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. ఒక్కటే తేడా, అడిగేసి లేచి వెళ్ళిపోలేదు. అడిగాక కూడా ఆయన దగ్గరే కూర్చున్నాడు.

ఒకరోజు బాపిరాజుగారు గట్టు వెంట నడుచుకుంటూ మంచం దగ్గరికి వచ్చారు. ఆయన పేటవాళ్ళ వైపు రావడం అదే మొదలు. గడ్డం మాసిపోయి ఉంది.

‘‘ఏరా దేవసహాయం, మీ దేవుణ్ణి అడగలేకపోయావా, ఈ నీళ్ళు తియ్యమని?’’

‘‘అడిగేనండి.’’

‘‘ఏమన్నాడు?’’

‘‘ఏమీ అనలేదండి.’’

‘‘మరి నీకింత నిబ్బరం ఎక్కణ్ణుంచొచ్చిందిరా? కాళ్ళూ లేవు, ఇల్లూ పోయింది. నాకు చూడు, రెండు రోజుల్నించి కంటి మీద కునుకు లేదు.’’

దేవసహాయం ఆయన మొహంలోకి చూశాడు. పెద్దమనిషి నిజంగానే అడుగుతున్నాడు. ఏదో ఒకటి చెప్పెయ్యడం మర్యాద కాదు.

‘‘నేనూ భయపడ్డానండి. కాని ఆయన మాతోపాటు గట్టు మీదే ఉన్నాడండి. నీళ్ళు తీసినా తియ్యకపోయినా ఉన్నాడండి. నాకది చాలా బాగుందండి.’’

బాపిరాజుగారు మంచం పట్టె మీద కూర్చున్నారు. పొద్దు వాలేదాకా అలాగే కూర్చుని, ఎర్రటి నీళ్ళకేసి చూసి, వెళ్ళిపోయారు.

మర్నాడు కృపారావు రాజోలు నుంచి పడవలో బియ్యం, పాలడబ్బాలు, దుప్పట్లు వేసుకుని వచ్చాడు. బావ బతికి ఉండడం చూసి మంచం మీద పడి మళ్ళీ ఏడ్చాడు. దానమ్మ వాడి వీపు మీద ఒకటి వేసి, ‘‘ఏడుపు తర్వాత. ముందు బియ్యం దింపు,’’ అంది.

వరద తీశాక బాపిరాజుగారు కూలిపోయిన కొబ్బరి చెట్లు ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చారు. ఏటిగట్టు పక్కన మెరక మీద వేసుకున్నారు. పాతదానికంటే పంచ పెద్దది. నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి అక్కడే తాళ్ళు పేనడం నేర్చుకునేవారు. పని ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ ఆ పంచలోకి వచ్చి కూర్చునేవారు. ఎందుకొచ్చావని దేవసహాయం ఎవరినీ అడిగేవాడు కాదు.

ఇంకో రెండేళ్ళకి, యాభై అయిదులో, కృపారావు ఒక కబురు తెచ్చాడు. అమలాపురం ఆసుపత్రికి పెద్ద డాక్టరుగారు ఒకాయన వస్తున్నారు, నడుములు విరిగినవాళ్ళకి ఆపరేషన్లు చేస్తారు. ఈసారి మెల్లగా చెప్పాడు, బావ మొహం చూస్తూ.

‘‘వెళ్దాం,’’ అన్నాడు దేవసహాయం వెంటనే. ‘‘మంచి డాక్టరైతే ఎందుకెళ్ళం?’’

దానమ్మ ముందురోజే తలంటింది. కొత్త పంచె కట్టింది. బండి మీద రేవుకీ, రేవు దాటి అమలాపురానికీ వెళ్ళారు. డాక్టరుగారు గంటసేపు పరీక్ష చేశారు. మోకాళ్ళ మీద కొట్టి చూశారు, అరికాళ్ళ మీద గీసి చూశారు. వెనక్కి వచ్చి, దేవసహాయం కళ్ళలోకి చూస్తూ చెప్పారు. లోపల నరం తెగిపోయింది, ఎవరూ ఏమీ చెయ్యలేరు, అబద్ధం చెప్పడం తనకి ఇష్టం లేదు.

‘‘మంచిదండి. ఉన్న మాట చెప్పేరు,’’ అన్నాడు దేవసహాయం.

బయటకి తెచ్చి వేపచెట్టు కింద దింపగానే దానమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతను ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

‘‘నేనూ ఆశపడ్డానే. పొద్దున్న కాళ్ళకేసి ఎన్నిసార్లు చూసుకున్నానో.’’

‘‘నీకు మళ్ళీ కోపం వచ్చేస్తదని భయమేసింది మావా. రాజోలులో లాగ.’’

‘‘లోపల మంచం మీద ఉండగా వచ్చింది. దేవుడితో అనేశాను కూడా. అనేసేక, సరే, ఇంకేంటి కబుర్లు అన్నట్టు ఇద్దరం ఉండిపోయేం.’’ దేవసహాయం నవ్వాడు. ‘‘కాళ్ళిచ్చుంటే ఎగిరి గంతేసేవాణ్ణి. అది వేరు. కాని దానమ్మా, ఇప్పుడెవరైనా వచ్చి, నీకు కాళ్ళిస్తాను, ఈ రెండేళ్ళూ మర్చిపో, చెట్టు మొదట్లో దణ్ణం పెట్టుకునే ఆ పాత మనిషివైపో అంటే, నేను ఒప్పుకోను.’’

దానమ్మ కళ్ళు తుడుచుకుని మొగుడి మొహంలోకి పరీక్షగా చూసింది. అబద్ధం ఆడుతున్నాడేమో అని చూసింది. ఇన్నేళ్ళుగా ఆ మొహం ఆవిడకి అరచేతిలో గీతలా తెలుసు. అబద్ధం లేదు.

‘‘ఆకలేస్తోంది,’’ అన్నాడతను.

‘‘నాకూనూ,’’ అంది దానమ్మ, ముక్కు ఎగబీలుస్తూ.

ఆసుపత్రి ఎదుట కాఫీ హోటల్లో కృపారావు ఇడ్డెన్లు కట్టించుకొచ్చాడు. ముగ్గురూ చెట్టు కింద కూర్చుని, చెయ్యి కడుక్కుని, కళ్ళు మూసుకున్నారు. ఈసారి ప్రార్థన దానమ్మ చెయ్యాలి. ఆవిడ మూడుసార్లు గొంతు సవరించుకుంది.

‘‘నాయనా, మాతోపాటు వచ్చేవు. స్తోత్రం,’’ అంది. ఇంకేమీ అనలేదు.

మళ్ళీ రేవు దాటేసరికి పొద్దు పడమటికి వాలింది. ఒడ్డున అప్పుడే దిగిన పడవల దగ్గర రొయ్యలు పోగులు పెట్టి అమ్ముతున్నారు. దానమ్మ బేరమాడి ఒక పోగు ఆకులో కట్టించుకుంది. మామిడికాయ వేసి వండమన్నాడు దేవసహాయం. చింతచిగురు వేస్తానంది దానమ్మ. ఇంటిదాకా బండిలో అదే గొడవ. కృపారావు బావ పక్షం చేరాడు. ఎంతమంది చెప్పినా దానమ్మ చింతచిగురే వేసింది. దేవసహాయం రెండుసార్లు కలిపించుకుని తిన్నాడు.

‘‘బాగుందా?’’ అంది దానమ్మ.

‘‘బాగుంది,’’ అని ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రేవు నుంచి పడవలవాళ్ళు వచ్చారు. పెద్ద పడవకి లాగుడు తాడు కావాలి, ఎనభై బారలు, ఎల్లుండికల్లా ఇవ్వాలన్నారు. దేవసహాయం పీచు చేత్తో నలిపి చూసి, ఆరిందని తేల్చుకుని, ‘‘రాట్నం ఇలా తీసుకురావే,’’ అని కేకేశాడు.